చెప్పనీకి నాది గాదు

ఆంటీ పోయిందన్న కబురు అంకుల్ నోటనే విన్నాను. ఎల్బీనగర్‌లో నేను పనిచేసే బ్లడ్ బ్యాంకులో పొద్దుటి డ్యూటీ మొదలైన కాసేపటికి ఫోన్ మోగింది. ఆ నంబరు నా ఫోన్లో ఇంకా ఉందన్న సంగతే మరచిపోయాను. ఏళ్ల తరబడి ఆ ఇంటి నుంచి మా ఇంట్లో ఎవరికీ ఫోన్ రాలేదు. మేమూ చేయలేదు.

"మీ ఆంటీ పోయింది బిడ్డా, తెల్లారంగ," అన్నాడు. తలనొప్పి అని పడుకున్న మనిషి లేవలేదట. మెదడులో నరం చిట్లిందన్నారట. దవాఖానలో పెట్టారు గాని కళ్లు తెరవలేదట. నేను ఏదో అడిగేలోపే అంకులే మళ్లీ అన్నాడు, "మీ ఇంట్ల చెప్తవో చెప్పవో, నీ ఇష్టం." ఫోన్ పెట్టేశాడు.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆమెను అడగాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఏదో ఒకరోజు అడుగుతాననుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ జవాబు కూడా తన వెంట తీసుకుపోయిందనిపించింది.

ఇది చదివే మీకు ముందే చెప్పాలి. నేను తింటున్న అన్నం ఆమె నేర్పిన పని పెట్టిందే. ఆమె మమ్మల్ని మోసం చేసిందని ఇన్నాళ్లూ నమ్మినదాన్ని కూడా నేనే. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను జరిగింది రాస్తాను. మంచిని ఏరి పక్కకు తీయడం నాకు చేతకాదు.

కొత్తపేటలో మాది ఇరుకు గల్లీ. మా వాళ్లు పోచంపల్లి దగ్గరి ఊరి నుంచి మగ్గం వదిలి వచ్చినవాళ్లు. బాపుకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. మా ఎదురిల్లు ఆంటీ వాళ్లది. వాళ్లు క్రైస్తవులు, నల్లగొండ దిక్కు నుంచి వచ్చారు. పిల్లలు లేరు. అంకుల్ కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు. ఆంటీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక పెద్ద పరీక్షల సెంటర్‌లో రక్తం విభాగానికి ఇన్‌ఛార్జి. డాక్టరు పరీక్ష రాస్తాడు, ఎవరో సూది గుచ్చుతారు, సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది. ఆ సూదికీ ఆ రిపోర్టుకూ మధ్య ఒక మనిషి ఉంటుందని ఎవరూ అనుకోరు. ఆంటీ ఆ మధ్యలో ఉండే మనిషి.

గల్లీలో పిల్లలు కనబడితే మిగతావాళ్లు బుగ్గలు పుణికేవారు. ఆంటీ కింది కనురెప్ప లాగి చూసేది. లోపలి ఎరుపు చూసి, "నువ్వు బాగున్నవ్, ఉరుకు," అని వదిలేసేది. మా అక్క రెప్ప లాగినప్పుడు మాత్రం కాసేపు అట్లాగే పట్టుకుని చూసేది. అక్కకు చిన్నప్పటి నుంచి రక్తం తక్కువ. ఎన్ని టానిక్కులు తాగినా పెరిగేది కాదు. ఇంకో పరీక్ష చేయిద్దామని ఆంటీ ఒకటి రెండుసార్లు అన్నది. అమ్మ బీట్‌రూట్ వండి పెట్టి సరిపెట్టింది. మనిషి చురుగ్గా తిరుగుతోంది కదా అని ఎవరమూ పట్టించుకోలేదు.

సాయంత్రం ఆంటీ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె గేటు ముందు ఇద్దరో ముగ్గురో రిపోర్టులు పట్టుకుని నిలబడేవారు. అప్పట్లో పండ్ల మార్కెట్టు ఇంకా మా దగ్గరే ఉండేది. బత్తాయి లారీల మధ్య నుంచి సందు చేసుకుని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఆ కాగితాలు చూసేది. రోగం పేరు మాత్రం ఎన్నడూ తన నోటితో చెప్పలేదు. "డాక్టర్‌కు చూపియ్యి," అనేది. ఒక్కోసారి, "ఇయ్యాల్నే చూపియ్యి," అనేది. ఆ 'ఇయ్యాల్నే' వింటే గల్లీలో వాళ్లు వెంటనే ఆటో ఎక్కేవారు. చెప్పకుండానే చెప్పడం ఆమెకు వచ్చని నాకు అప్పుడే తెలుసు. తర్వాత నా కోపానికంతా కారణం అదే.

ఇంటర్ అయ్యాక నన్ను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించింది ఆంటీనే. బాపుకు ఇష్టం లేదు, ఆడపిల్ల ఊళ్లో వాళ్ల రక్తం, మూత్రం చూసుకుంటూ బతకడమేంది అన్నాడు. ఆంటీ మా ఇంటికొచ్చి, బాపు ముందు కూర్చుని, చీరలో ఒక్క పోగు తప్పితే మీరు వెలుగులో పట్టి చూసి కనిపెట్టరా, ఇదీ అట్లాంటి పనే అన్నది. బాపు మరునాడే ఫీజు డబ్బులు తీసి ఇచ్చాడు.

కోర్సు చివర్లో ట్రైనింగ్ కూడా ఆమె చేతి కిందే దొరికింది. మొదటి రోజు నేను ఉత్సాహంగా ఒక పేషెంటు దగ్గర రక్తం తీసి, తర్వాత ట్యూబు మీద పేరు రాయబోయాను. ఆ ట్యూబును నా చేతిలోంచి తీసుకుని చెత్తలో పడేసింది. ఆ మనిషి దగ్గరికి తనే వెళ్లి క్షమించమని అడిగి, మళ్లీ సూది గుచ్చింది. నన్నొక్క మాట తిట్టలేదు. "ముందు పేరు. తర్వాతనే రక్తం," అన్నది. ఇంకోసారి, ఎవరో సినిమా నటి రిపోర్టు వచ్చిందని మేమంతా కంప్యూటర్ దగ్గర మూగితే, వచ్చి స్క్రీన్ ఆపేసింది. "అది మనది గాదు బిడ్డా. మన చేతులకెల్లి పోతదంతే," అన్నది. రక్తమైనా, దాని గురించి తెలిసిన సంగతైనా ఆమెకు ఒకటే. ఇచ్చిన మనిషిదే అది.

మైక్రోస్కోప్ దగ్గర ఆమె వేరే మనిషి. మెల్లగా ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తూ గాజు పలకను జరిపేది. నన్ను కూర్చోబెట్టి చూడమనేది. నేను తొందరపడి ఏదో పేరు చెప్పేదాన్ని. పేరు తర్వాత, ముందు ఏం కనబడుతుందో చెప్పు అనేది. కణాలు చిన్నగున్నాయా, పాలిపోయినయా, ఒకదానికొకటి పోలిక ఉందా లేదా. అట్లా చెప్పించి చెప్పించి నాకు చూడడం నేర్పింది. పని అయ్యాక వేళ్లకంటిన నీలిరంగు నిమ్మచెక్కతో రుద్దుకుంటూ ఇంటి ముచ్చట్లు మాట్లాడేది. ఆ రోజుల్లో అమ్మ కన్నా ఆమెతోనే నేను ఎక్కువ మాట్లాడాను.

అక్క పెళ్లి కుదిరింది ఆ సంవత్సరమే. పిల్లగాడిది చంపాపేట. నెమ్మదస్తుడు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నిశ్చితార్థం అయ్యాక అతను ఇంకో మంచి కంపెనీకి మారబోతూ వైద్య పరీక్షలు చేయించుకున్నాడు. రక్తం కొద్దిగా తక్కువుందని, ఎందుకో తేల్చడానికి ఇంకో పరీక్ష రాశాడు డాక్టరు. బాపు గొప్పగా, "ఎక్కడికో ఎందుకు, మా పిల్లల ఆంటీ ఉన్నది గదా," అని తనే ఆంటీ దగ్గరికి పంపాడు. నేను ఆ వారం కాలేజీ పరీక్షల్లో ఉన్నాను, ల్యాబ్‌కు పోలేదు.

దాని తర్వాత ఒక మధ్యాహ్నం ఆంటీ మా ఇంటికి వచ్చింది. పెళ్లిలో చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు మడతలు పెడుతున్నాం. అక్క గోరింటాకు గురించి ఏదో అంటోంది. ఆంటీ ఒక చీర తీసుకుని తనూ మడత పెడుతూ, పెళ్లికి ముందు అక్కను ఒకసారి ల్యాబ్‌కు పంపమన్నది. అమ్మ ఎందుకని అడిగింది. చిన్నప్పటి నుంచి రక్తం తక్కువ కదా, ఒకసారి పూర్తిగా చూద్దామన్నది ఆంటీ. అమ్మకు కోపమొచ్చింది. "పెళ్లి ముంగట పిల్లకు సూదులేంది? ఆళ్లకు తెలిస్తే ఏమనుకుంటరు, ఏదో రోగమున్నదనుకోరా?" అన్నది. ఆంటీ మళ్లీ అడగబోయి ఆగింది. చేతిలోని చీర మడత విప్పి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. లేచి వెళ్లిపోతూ అక్క తల మీద చేయి పెట్టింది. 'ఇయ్యాల్నే' అని మాత్రం అనలేదు.

పెళ్లయింది. అప్పగింతల దాకా ఆంటీ ఉంది, పెరుగన్నం తిని పోయింది.

ఏడాదిన్నరకు పాప పుట్టింది. తెల్లగా ఉందని అందరం మురిశాం. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ తెలుపు వేరేగా కనబడింది. పాలు తాగదు, ఆడదు, కడుపు ఉబ్బింది. పిల్లల డాక్టరు రక్త పరీక్ష రాశాడు. అంత చిన్న చేతిలో నరం దొరకబుచ్చుకునేది ఆంటీ ఒక్కతేనని అక్క తనే అక్కడికి తీసుకొచ్చింది. బావ కూడా వచ్చాడు. ఆంటీ పాప మోచేతి కింద తన అరచేయి పెట్టి, ఒకే ఒక్క గుచ్చుతో తీసింది. పాప పెద్దగా ఏడవలేదు. ఏడిచే శక్తి లేదు.

గాజు పలక రంగు ఆరగానే, అప్పటికి అక్కడే ఉద్యోగం చేస్తున్న నన్ను పిలిచింది. చూడు అనలేదు. జరిగి కూర్చుంది. నేను చూశాను. ఆ కణాలు ఆమె నాకు పుస్తకంలో చూపించినవే. పాలిపోయినవి, వంకర టింకరవి, మధ్యలో చుక్క ఉన్నవి. థలసీమియా అన్న మాట మా ఇద్దరిలో ఎవరమూ పలకలేదు.

మీలో తెలియనివారికి రెండు మాటల్లో చెప్తాను. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ రక్తంలో ఆ లోపం సగం సగం ఉంటే, వాళ్లు హాయిగానే తిరుగుతారు. మహా అయితే రక్తం కొద్దిగా తక్కువుంటుంది. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు, ఆ రెండు సగాలూ కలిసి ఒంటికి రక్తమే పట్టని జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ముందే తెలిస్తే గర్భంలోనే చూడవచ్చు. ముందే తెలియాలి, అంతే.

ఆంటీ బయటికొచ్చి అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, నీ రక్తం కూడా తీయాలన్నది. తీస్తూ, "ఈ టెస్టు ముందు ఎక్కడన్న చేయించుకున్నవా బిడ్డా?" అని అడిగింది. ఏ టెస్టు ఆంటీ అన్నది అక్క. ఆంటీ చేయి ఒక్క క్షణం ఆగింది. తల తిప్పి బావ వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను గాని, దానికి అర్థం అప్పుడు నాకు తెలియదు.

నేను బావ కోసం ఇంకో ట్యూబు తీసి పేరు రాయబోతుంటే ఆంటీ అన్నది, "అతనిది మల్ల తీసే పని లేదు."

మల్ల. అంటే పెళ్లికి ముందు తీసిన రక్తంలోనే ఆమె ఇది చూసింది. ఆ ఒక్క మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

ఆ సాయంత్రం నేను ఈ సంగతి చెప్పగానే మా ఇంట్లో ఆంటీని పిలిపించారు. ఆమె లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది. పాప అక్క భుజం మీద నిద్రపోతోంది. అమ్మ అడిగింది, పెళ్లికి ముందే నీకు తెలుసా అని.

"ఎరుకనే ఉండె అక్కా," అన్నది ఆంటీ అమ్మతో.

"మరి ఎందుకు చెప్పలేదే? ఒక్క మాట చెప్తే ఏం పోయేది నీది?"

"చెప్పనీకి నాది గాదు."

అప్పుడు బాపు బావను అడిగాడు, మరి నీకన్నా చెప్పిందా అని. బావ నేల చూస్తూ, నాకు రక్తం తక్కువున్నదని గోలీలిచ్చిన్రు, రిపోర్టుల ఇంగ్లీషుల ఏం రాసిన్రో నాకెట్ల సమజైతది అన్నాడు. అందరం ఆంటీ వైపు తిరిగాం. ఆమె బావను చూసింది. కొంతసేపు చూసింది. ఏమీ అనలేదు. పైట చెంగు సర్దుకుని గల్లీ దాటి వాళ్లింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ మౌనాన్ని మేము ఒప్పుకోలుగా తీసుకున్నాం. రిపోర్టు ఎవరిదో ఆ మనిషికి కూడా అర్థమయ్యేట్టు చెప్పలేదు, కళ్ల ముందు పెరిగిన పిల్ల గొంతు కోసింది, పైగా నాది గాదు అంటుంది. అమ్మ ఆ మాటే గల్లీ అంతా చెప్పింది. నెమ్మదిగా ఆంటీ గేటు ముందు రిపోర్టులతో నిలబడేవాళ్లు లేకుండా పోయారు. ఆమె అట్లాగే సాయంత్రం వచ్చేది, గేటు తీసుకుని లోపలికి పోయేది. నేను ఆ సెంటర్ మానేసి ఎల్బీనగర్‌లో చేరాను. బాపు ఇల్లు కూడా మార్చేశాడు, అదే కొత్తపేటలో రైతు బజార్ దిక్కు.

అందరికన్నా ఎక్కువ మోసపోయింది నేనే అనుకునేదాన్ని. అమ్మకు ఆమె పొరుగింటి మనిషి. నాకు ఆమె గురువు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ కణాలు చూడడం నేర్పిన మనిషి, అవే మా అక్క కడుపులో పడబోతున్నాయని తెలిసి నాతో నిమ్మచెక్క రుద్దుకుంటూ ముచ్చట్లు చెప్పింది. నా ముఖం చూస్తూ ఎట్లా దాచగలిగింది? పోనీ, చెప్పొద్దనుకుంది. 'ఇయ్యాల్నే' అని ఒక్క మాట అనివుంటే మా అమ్మ అక్కను ఆటోలో కూర్చోబెట్టి పంపేది కాదా?

పనిలో మాత్రం తప్పేది కాదు. ఏదో ఒక శాంపిల్ విషయంలో వాళ్ల సెంటర్‌కు ఫోన్ చేయాల్సి వచ్చేది. అవతల ఆమె గొంతు వినబడితే నేను "మేడమ్" అనేదాన్ని. మొదటిసారి అట్లా అన్నప్పుడు ఆమె కొంచెం ఆగింది. తర్వాత "చెప్పండమ్మా," అన్నది. అంతకుముందు నన్నెన్నడూ మీరు అనలేదు. ఇన్నేళ్లూ మేము అట్లాగే మాట్లాడుకున్నాం. వాళ్ల చర్చి పడుచు పిల్లలు తరచూ వచ్చి మా బ్లడ్ బ్యాంకులో రక్తం ఇచ్చి పోయేవారు. ఎవరు పంపారని ఒక పిల్లను అడిగితే, మా టీచరమ్మ, ఆదివారం బడిలో చెప్తది అన్నది. ఆ టీచరమ్మ ఆంటీనేనని నాకు తెలుసు. తప్పు చేసినందుకు తీర్చుకుంటోందిలే అనుకున్నాను.

పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. నెలకు ఒకసారో రెండుసార్లో రక్తం ఎక్కించుకుని, ఒంట్లో పేరుకునే ఇనుముకు గోలీలు వేసుకుంటూ, లెక్కలంటే గింజుకుంటూ, అందరు పిల్లల్లాగే పెరుగుతోంది. అక్క ఇంకో బిడ్డను కనలేదు. ఎవరెంత చెప్పినా వినలేదు.

ఆంటీ పోయిందని, అంకుల్ ఫోన్ చేసిన సాయంత్రమే ఇంట్లో, అక్కా బావలకూ చెప్పాను. అమ్మ లోపలికి పోయింది. అక్క, "నేను రాను," అన్నది. వస్తానన్నది బావ ఒక్కడే. నాకు ఆశ్చర్యమేసింది గాని, దూరం కదా, బండి మీద దింపడానికేమో అనుకున్నాను.

సమాధుల తోట నాదర్‌గుల్ దిక్కు ఉంది. జనం బాగానే వచ్చారు. ఎక్కువ మంది ల్యాబుల్లో పనిచేసేవాళ్లు, సగం మంది డ్యూటీ మధ్యలో లేచి వచ్చినవాళ్లు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే పైన ట్రైనింగు విమానం ఒకటి తిరిగి తిరిగి వస్తోంది, అది వచ్చినప్పుడల్లా ఆయన ఆగాల్సి వచ్చింది. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను. బావ వేసి, పక్కకు రాలేదు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. అతని భుజాలు కదులుతున్నాయి. జనం పలచబడే దాకా నేను దూరంగా నిలబడ్డాను. తర్వాత వెళ్లి లేపాను.

బండి దగ్గరికి నడుస్తూ చెప్పాడు.

"ఆమె నాకు చెప్పింది. అంత చెప్పింది. కూసోబెట్టి, కాయితం మీద బొమ్మ గీసి మరి చెప్పింది. మీ అక్కకు గూడ చేయించాలె, ఇద్దరికుంటే పిల్లలకు కష్టమైతది అన్నది."

నేను నడవడం ఆపేశాను.

"నేనే చెప్త, నేనే తోల్కొస్త అన్న. మీరు ఆళ్లింట్ల చెప్పకుండ్రి అని చేతులు పట్టుకున్న. పెళ్లి ఆగిపోతదని భయమైంది. పెళ్లయినంక అడిగింది, చేయించినవా అని. వేరే కాడ చేయించినం మేడమ్, ఆమెకు ఏం లేదు అని చెప్పిన."

పాప రక్తం తీసిన రోజు అక్కను ఆమె అడిగిన ప్రశ్న, ఆగిన చేయి, బావ వైపు తిరిగిన చూపు, అన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. అబద్ధం చెప్పాడని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

"మరి గడప కాడ? అందరి ముంగట?"

"నన్ను చూసింది. నేను తల దించుకున్న." బండి తాళం తీసి చేతిలో తిప్పాడు. "తర్వాత ఒకపారి బస్టాపుల కనబడితే అడిగిన, ఎందుకు చెప్పలేదు మేడమ్ అని. నీ రిపోర్టు నీది, చెప్పేది గూడ నువ్వే అన్నది. చెప్తవని చూస్తున్న అన్నది."

అంటే ఆమె ఎదురుచూసింది. ఇన్నేళ్లు, మూసిన గేటు వెనక, ఈ మనిషి ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరుస్తాడని. అతను తెరవలేదు, ఆమె మట్టిలో కలిసేదాకా.

బావను కొట్టాలనిపించింది. దాంతోపాటే ఆంటీ మీద కూడా కోపం పోలేదని ఒప్పుకోవాలి. నాకిప్పుడు ఆమె మంచి మనిషే అని తెలిసింది, నిజమే. కానీ మా అక్క తల్లిలా చూసుకున్న మనిషిని పోగొట్టుకుని, అబద్ధమాడిన మనిషి పక్కన ఇన్నేళ్లు పడుకుంది. దాని సంగతి ఎవరు చెప్పాలి? అతని రహస్యం అతనిది, సరే. పుట్టబోయే బిడ్డ ఎవరిది? ఆమె నియమం ముందు మేము ఎవరమూ లెక్కలోకి రాలేదా? ఆమె పోయాక కూడా ఆమెతో వాదిస్తూనే ఉన్నాను.

అక్కకు నువ్వు చెప్తావా, నేను చెప్పాలా అని బావను అడిగాను. నేనే చెప్తానన్నాడు. ఆ మాట అతని నోట ఇంతకుముందు ఒకరు విన్నారని గుర్తొచ్చింది. అయినా ఆగాను. ఆ వారం పాపకు రక్తం ఎక్కించేది ఉంది. ముందు అది కానిద్దామనుకున్నాను. అది అయ్యాక, పాపకు పరీక్షలు ఉన్నాయి కదా అనుకున్నాను.

చివరికి బావ చెప్పాడు. మరునాడు అక్క నా బ్లడ్ బ్యాంకుకు వచ్చింది. రక్తమిచ్చినవాళ్లు జ్యూస్ తాగుతూ కూర్చునే బల్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చిన ముఖం కాదు. నేను పక్కన కూర్చోగానే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మట్టి పెట్టిన దినం."

నా ముఖంలోకి చూసింది. "అయితే నువ్వు గూడ," అన్నది.

అంతే, లేచి వెళ్లిపోయింది. ఏదో చెప్పుకుందామని వెనక పరుగెత్తాను గాని, అప్పటికే ఆటో కదిలింది.

అక్కడి నుంచి ఆమె తిన్నగా మా పాత గల్లీకి పోయింది. ఆ సంగతి నాకు అంకుల్ చెప్పాడు. గేటు తీసుకుని వచ్చి, వరండాలో నిలబడి, ఆంటీ నన్ను తిట్టుకున్నదా అని అడిగిందట. అంకుల్‌కు ఏమీ అర్థం కాలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఏమైందో చెప్పు బిడ్డా అన్నాడట. అక్క అంతా చెప్పింది. బావ మాట ఇవ్వడం, అబద్ధం, గడప దగ్గర మౌనం.

అంకుల్‌కు అదే మొదటిసారి వినడం.

"నాకు గూడ చెప్పలేదు," అన్నాడు నాతో. ఆయన గొంతులో దుఃఖం కన్నా ఇంకేదో ఉంది. "గల్లీల ఒక్కరు పలకరించలే మమ్ముల. నేను గూడ అడిగిన, ఎందుకట్ల చేసినవే అని. తప్పు నీదే అని గూడ అన్న. ఊకున్నది. ఒక్క ఇంట్ల ఇన్నేండ్లు ఉన్నం బిడ్డా. నన్ను గూడ బయటోని లెక్కనే చూసింది."

నేను ఏం ఓదార్చను? నాకూ అదే అనిపించింది కదా.

చర్చిలో ఆంటీ జ్ఞాపకంగా జరిపిన ఆదరణ కూడికకు అక్క వచ్చింది, అమ్మను కూడా తీసుకొచ్చింది. పాటలు అయ్యాక, ఎవరైనా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పండని పాస్టరు అడిగితే అక్క లేచి నిలబడింది. ఆమె మాకు అన్యాయం చేయలేదు, మేము చేశాం అని మాత్రం చెప్పి కూర్చుంది. అమ్మ పైట అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంటికొచ్చాక అక్క నాతో చాలా రోజుల తర్వాత మాట్లాడింది. "నువ్వు రాస్తవ్ గదా, రాయి. ఎవ్వరి పేర్లు వద్దు. జరిగింది జరిగినట్టు రాయి," అన్నది. పాపకు కూడా తెలుసు, తండ్రే చెప్పాడు. అందుకే ఇది రాయగలిగాను. చెప్పడానికి ఇది ఎవరిదో ఆ ఇద్దరూ, అక్కా బావా, నాకు అనుమతి ఇచ్చారు. అడగకుండా రాసివుంటే ఆంటీ ఈ కాగితాన్ని కూడా ఆ ట్యూబులాగే పడేసేది.

ఆమె చేసింది సరైనదేనా అని నన్ను అడిగేవాళ్లున్నారు, పనిలో చేరే కొత్త పిల్లలు ముఖ్యంగా. తెలియదంటాను. ఇప్పుడు నేను ఎవరి రిపోర్టులోనైనా అట్లాంటిది చూస్తే, డాక్టరును పట్టుకుంటాను, ఆ మనిషిని భార్యాభర్తలిద్దరూ కలిసి రమ్మని కోరతాను, వచ్చేదాకా ఫోన్ చేస్తూనే ఉంటాను. ఆమె అంత దూరం పోలేదు. ఒక మనిషి మాటను నమ్మి ఆగింది. కానీ ఆ మనిషి రహస్యం బయటపెట్టి తనను తాను కాపాడుకునే వీలు ప్రతిరోజూ ఉన్నా, ఒక్కరోజూ ఆ పని చేయలేదు. నాకు అంత చేతనవుతుందని అనుకోను. కావాలని కూడా అనుకోను.

మొన్న పాపకు రక్తం ఎక్కించేటప్పుడు నేను సెలవు పెట్టి వెళ్లాను. ఎప్పుడూ పాప మంచం పక్కన కుర్చీలో కూర్చునేది బావే, చెయ్యి పట్టుకుని ఫోన్లో ఏవో చూపిస్తుండేవాడు. ఆ రోజు ఆ కుర్చీలో అక్క ఉంది. బావ కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సంచిలోంచి చుక్కచుక్కగా రక్తం దిగుతోంది. పొద్దున కాగితంలా ఉన్న పాప పెదవులకు మధ్యాహ్నానికి రంగు వచ్చింది. అది కళ్లు తెరిచి, డాడీ ఏడని అడిగింది. అక్క బయటికి చూసింది, పిలవలేదు, వద్దనలేదు. పాప సూది లేని చేయి ఎత్తి రమ్మని ఊపింది. బావ వచ్చాడు. ఆ వార్డు తలుపుకు స్ప్రింగు ఉంటుంది, తోస్తే తెరుచుకుని వదిలితే దానంతటదే మూసుకుంటుంది. దాన్ని సగం తోసి, అక్క ముఖం చూసి, అక్కడే ఆగిపోయాడు. తలుపు మూసుకోవడానికి అతని భుజాన్ని తోస్తూనే ఉంది. పాప ఇంకా చేయి ఊపుతూనే ఉంది.